తాతయ్యకు రిటైర్మెంట్ లేదు

మీ తాతయ్య ఏం చేసేవారని ఎవరైనా అడిగితే, భాలుబాసాలో ఉండే మా తెలుగు పిల్లలం "ఊళ్ళో వ్యవసాయం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ ఒక్క ముక్కలో ఎంత ఉందో అన్నాచెల్లెళ్ళం మేమిద్దరం కాస్త ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు జంషెడ్‌పూర్ వచ్చి స్థిరపడ్డాయి. మా తాతయ్య మాత్రం మా కోసం వచ్చారు. వంశధార కాలువ కింద నలభై ఏళ్ళు వరి పండించి, మోకాళ్ళు సహకరించక పొలం కౌలుకిచ్చి, మూడేళ్ళ క్రితం టాటానగర్‌లో రైలు దిగారు.

ఇప్పటికీ ఉదయం నాలుగింటికే లేస్తారు. మా నీళ్ళ సీసాలు నింపుతారు, బూట్లు తుడుస్తారు, చెల్లి జడకు రిబ్బను కూడా కడతారు. వాన పడితే మాత్రం డాబా మీదికెళ్ళి నిలబడతారు. అమ్మ కిందికి రమ్మంటే, "ఊర్లో ఉభాలు మొదలెట్టేసుంటారమ్మా" అంటారు.

ఈ ఊరి కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ 1920లో వచ్చింది. రైతుకు పని గంటలూ లేవు, పదవీ విరమణ సభా లేదు. 2019లో వచ్చిన కిసాన్ సమ్మాన్ నిధి కింద ఏడాదికి 6000 రూపాయలు ఇస్తున్నారు. అదే ఏడాది వచ్చిన రైతు పింఛను పథకంలో చేరాలంటే వయసు 40 దాటకూడదు. అప్పటికే తాతయ్యకు ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది.

ఒకసారి మా స్నేహితుల ముందు ఆయన యాసను అనుకరించి నవ్వాం. తాతయ్య కూడా నవ్వారు. ఆ తరువాత మా స్నేహితులు వచ్చినప్పుడల్లా మాట్లాడకుండా డాబా మీదికి వెళ్ళిపోయేవారు. కారణం మాకు చాలా రోజులకు గానీ తట్టలేదు. తప్పయిందని చెబితే, "నవ్వితే నవ్వండర్రా, మాటాడ్డం మానీకండి" అన్నారు.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది ఆ శ్రీకాకుళం ప్రాంతంలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన పుట్టిన చోటి మాటనే మేము ఎగతాళి చేశాం.

తాతయ్య మాకు ఏం చేసినా ప్రేమతోనే చేస్తారు. అలాగని అన్ని పనులూ ఆయనకే వదిలేయడం అన్యాయమని మా అభిప్రాయం. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. అన్నం పెట్టమని చట్టం చెప్పగలదు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పాల్సింది మనమే.

ఇప్పుడు మా బూట్లు మేమే తుడుచుకుంటున్నాం. రోజూ రాత్రి పావుగంట తాతయ్య చెప్పే పొలం మాటలు నోటు పుస్తకంలో రాసుకుంటున్నాం. ఆకుమడి, ఉభాలు, కళ్ళం, గాదె... ఇప్పటికి అరవై మూడు అయ్యాయి. బడిలో మాకు తెలుగు లేదు కనుక అక్షర దోషాలు అమ్మ దిద్దుతుంది. ఈ జూన్‌లో తాతయ్య డాబా మీద రెండు తొట్లలో వరి నారు పోశారు. విత్తనం మొలకెత్తడం పుస్తకంలో కంటే అక్కడే మాకు బాగా అర్థమైంది.

ప్రతి పొలానికీ ఒక పేరుంటుందని కూడా మొన్ననే తెలిసింది. మాది చింతచెట్టు మడి. మిత్రులారా, ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ తాతయ్యను మీ పొలం పేరేమిటో అడగండి. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా లేవకండి.