పోషణ కూడా చికిత్సే

ఆరోగ్యశ్రీ కింద కీమోథెరపీ, రేడియేషన్ ఉచితంగా అందుతున్నా, వాటిని తట్టుకోవలసిన శరీరానికి తగిన తిండి సమకూర్చే భారం మాత్రం రోగి కుటుంబం మీదే పడుతోంది. ఆదిలాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి 160 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రికి వెళ్లే బీడీ కార్మికురాలో, పోడు రైతో కూలి పోగొట్టుకున్నాక ప్రొటీన్ పొడి డబ్బాకు కూడా అప్పు చేయవలసి రావడం ఏ ప్రభుత్వానికీ తగదు.

కేన్సర్‌లో బరువు తగ్గడానికి ఆకలి మందగించడం ఒక్కటే కారణం కాదు. వ్యాధి శరీరమంతటా రగిల్చే శోథ కండరాలను కరిగించివేస్తుంది, దీనినే వైద్యులు కాచెక్సియా అంటారు. బాగా చిక్కిపోయిన రోగికి మందు మోతాదు తగ్గించవలసి రావచ్చు, ఒక్కోసారి చికిత్సే వాయిదా పడుతుంది. ఐరోపా పోషణ వైద్యుల సంఘం ఎస్పెన్ మార్గదర్శకాల ప్రకారం రోగికి రోజుకు, శరీర బరువులో ప్రతి కిలోకు, గ్రాముకు పైగా, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రొటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు, కోడిగుడ్డు ఇచ్చేది ఆరు గ్రాములే. రేడియేషన్‌తో నోరు పొక్కినవారికి అంబలి, జొన్న గటక సులువుగా దిగుతాయి గాని వాటితోనే ఈ లెక్క తేలదు కనుక పాలు, పప్పు, గుడ్లు, చేపలు తోడు కావాలి, అవీ చాలనప్పుడు వైద్యుడు సూచించిన పోషక ద్రవం ఇవ్వాలి.

అధిక మోతాదు విటమిన్ మాత్రల సంగతి వేరు. వాటిలో ఉండే, కణాలను దెబ్బ నుంచి కాపాడే యాంటీ ఆక్సిడెంట్లు, ఆ దెబ్బతోనే కేన్సర్‌ను చంపే రేడియేషన్‌కు అడ్డు తగలవచ్చునన్న ఆందోళన వైద్యులకు ఉంది. పొగతాగే ఫిన్లాండ్ పురుషులకు అలాంటి యాంటీ ఆక్సిడెంటే అయిన బీటా కెరోటిన్ ఇచ్చి చూడగా ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో వెల్లడైంది. ఖరీదైన డబ్బా కొనకపోతే రోగికి అన్యాయం చేసినట్టేనన్న భయమే ఈ మాత్రలు, పొడుల వ్యాపారానికి పెట్టుబడి. కేన్సర్ నయమవుతుందన్న ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది, దానిని అమలు చేయవలసిన అధికారులు కదలాలి.

క్షయ రోగికి పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇస్తున్న దేశంలో కేన్సర్ రోగికి అదే సూత్రం వర్తింపజేయడానికి అడ్డేమీ లేదు. జిల్లా ఆస్పత్రులన్నిటా మూడేళ్లలో కేన్సర్ డే కేర్ కేంద్రాలు తెరుస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. కరీంనగర్, ఆదిలాబాద్ కేంద్రాలలో పోషకాహార నిపుణులను నియమించి, ప్రతి విడత చికిత్సకు ముందు రోగి బరువు నమోదు చేసి, ఆహార కిట్టును ఆరోగ్యశ్రీ ప్యాకేజీలోనే చేర్చాలి.