నూరు రూపాయల నేరము

విశాఖపట్టణమున నెలకు రు. 11,950లు గడించు కుటుంబము బీదది, రు. 12,050లు గడించు కుటుంబము బీదది కాదు. ఇది మేము కల్పించిన చమత్కారము గాదు, ప్రభుత్వమువారి నిబంధన. 2025 జూనులో 'తల్లికి వందనం' అమలుచేసినపుడు కుటుంబమంతటి ఆదాయము పట్టణములందు నెలకు రు. 12,000ల లోపునను, గ్రామములందు రు. 10,000ల లోపునను ఉండవలెనని నిర్ణయించిరి. బిడ్డ యొక్కింటికి రు. 13,000లు తల్లి ఖాతాలో పడును. ఇద్దరు బిడ్డలను బడికి పంపుచున్న గాజువాక తల్లి యొకతె యున్నదనుకొందము. భర్త కూలి నెలకు నూరు రూపాయలు పెరిగి ఆ గీత దాటినది. ఏడాదికి వచ్చినది రు. 1,200లు, పోయినది రు. 26,000లు! కూలి పెంచవద్దని మేస్త్రీని బతిమాలుకొనవలసిన గతి పట్టించు నిబంధనను ఏమనవలెను?

గీత యనునది ఎక్కడో ఒకచోట ఉండక తప్పదుగదా యని అధికారులు సెలవిత్తురు. నిజమే. కాని ఈ దేశమందే మరియొక గీత గలదు. దానిని గీసిన చేయి మిక్కిలి మృదువైనది. ఆదాయపు పన్ను రిబేటు పరిమితి 2019లో రు. 5 లక్షలు, 2023లో క్రొత్త పద్ధతియందు రు. 7 లక్షలు, 2025 బడ్జెట్టులో రు. 12 లక్షలు. ఆ గీతను కొంచెము దాటిన వానిని చట్టము గోతిలోనికి త్రోయదు. రు. 12,10,000లు గడించిన వాని పన్ను లెక్క ప్రకారము రు. 61,500లు కావలెను, అయినను 'మార్జినల్ రిలీఫ్' అను ఊరట వలన, సెస్సు విడిచినచో, అతడు చెల్లించునది పదివేలు మాత్రమే. గీతకు పైన గడించినదానికంటె ఎక్కువ పన్ను గుంజరాదని దాని ధర్మము. మేము దీనిని తప్పుపట్టుటలేదు, మంచి న్యాయమే. ఈ న్యాయము లక్షలు గడించువానికి తగినపుడు అంట్లు తోమి బిడ్డలను చదివించుకొను తల్లికి ఏల తగదు?

రు. 12,000ల గీత సంగతి చూడుడు. 2019లో రు. 6,250ల నుండి దానిని అంతకు పెంచిరి; మెచ్చుకొనదగిన పనియే. ఆరేండ్లు గడచినను, ప్రభుత్వము మారినను, పథకము పేరు మారినను, ఆ అంకె మారలేదు. ఈ యారేండ్లలో బియ్యము ధరయు ఇంటి అద్దెయు నిలిచినచోటనే నిలిచియుండెనా? ఉద్యోగులకు కరవుభత్యము కలదు. బీదరికపు కొలకు అదియు లేదు. అంతటితో తీరలేదు. కళాశాల ఫీజుల సాయమునకు ఏడాదికి రు. 2.5 లక్షలు పరిమితి. బడి సాయమునకు, నెలల లెక్క కూడిన, రు. 1.44 లక్షలు. ఒకే యింట అన్న బీదవాడు, చెల్లెలు ధనికురాలు!

అన్నిటికంటె గొప్ప అన్యాయము కూడికలో నున్నది. పన్ను చట్టము మనిషిని మనిషిగానే చూచును. భర్తకు రు. 12 లక్షలు, భార్యకు రు. 12 లక్షలు జీతము వచ్చినను ఇద్దరికిని పన్ను సున్న. రెంటిని కలుపుమని యెవడును అడుగడు. పేదయింట మాత్రము భర్త హార్బరు కూలి, భార్య పాచిపని డబ్బు, పెండ్లికాని కొడుకు దుకాణపు జీతము అన్నియు ఒక్క మూటగట్టి తూతురు. ఇంగ్లండులో 1931లో నిరుద్యోగులపై ఇట్టి ఇంటిలెక్కనే పెట్టిరి. బిడ్డల సంపాదన తండ్రి భృతికి గండికొట్టగా, కొడుకులు ఇల్లు విడిచి వేరు గదులకు పోయిరి. ప్రజల యసహ్యమునకు గురియై 1941లో ఆ పద్ధతి శాసనముచేతనే తొలగెను. ఉమ్మడి కుటుంబమును గూర్చి వేదికలపై కన్నీరు గార్చు మనవారు ఆ చరిత్ర యొకసారి చదువవలెను.

కొలుచు తీరును వింతయే. నెలకు సగటున 300 యూనిట్లు మించి విద్యుత్తు వాడరాదట. కంచరపాలెమున రెండు పొయ్యిలకు ఒకే మీటరున్న యిల్లు సంపన్నగృహమైపోవును. మరబోట్లపై బ్రదుకువాడు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు సముద్రమునకు పోరాదు. అతని 'నెల ఆదాయ'మనగా ఏ నెలది? బ్యాంకులో జీతము పడు కాంట్రాక్టు కార్మికుని ప్రతి రూపాయియు సర్కారు కంటికి కనబడును. రొక్కముతో వ్యాపారము సాగించు మేడదొర ఆదాయమో, కనబడదు.

అనర్హులకు పంచిపెట్టుడని మేము కోరుటలేదు. గీత పైన నున్న ప్రతి రూపాయికి ఒక రూపాయి చొప్పున సాయము తగ్గింపుడు. గాజువాక తల్లికి రు. 1,200లు తగ్గి రు. 24,800లు దక్కును. గీతను ఏటేట ధరల సూచికతో జరుపుడు. పేరు కొట్టివేయుటకు ముందు కారణము తెలుపు నోటీసును తెలుగులో ఇంటికి పంపి, జవాబునకు గడువిండు. దొంగకు సైతము వాదించుకొను హక్కున్న దేశమున ఒక తల్లి తన పేరు పోయినదని సచివాలయపు గోడమీది జాబితా చూచి తెలిసికొనవలసివచ్చుట ప్రభుత్వమునకు శోభ గాదు.