కప్పుల లెక్క చాలు, దమ్ము లెక్క గావాల

అనంతపురానికి ఆటలు కొత్త గాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీకి ఈడ పెద్ద క్రీడాగ్రామమే ఉండాది. 2010లో రఫెల్ నాదల్ పేరుతో టెన్నిస్ బడి గూడా వచ్చె. అయినా మన శానా డిగ్రీ కాలేజీల్లో ఆటంటే జట్టుకు ఎంపికైన పది పదైదు మందిదే. మిగతా వందలమంది గట్టు మీద చప్పట్లు కొట్టేటోళ్లే.

ఎందుకంటే పీడీ పనికి కొలత కప్పులే. ఆ కొలత మారాల. పిల్లలు చేరిన నెలలోనే ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచినారు, పరుగెత్తినంక గుండె ఎంతసేపటికి కుదుటపడింది, రాసిపెట్టాల. ఏడాది చివర మళ్లా చూసి, ఎవరెంత మెరుగైతే అన్ని మార్కులియ్యాల.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దోళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. అంటే ఐదు దినాలు, దినానికి అరగంట. ఆ అరగంట ఎప్పుడనేదే అసలు మాట. మధ్యాన్నం పెడితే మన ఎండకు కళ్లు తిరిగి పడతారు. తెల్లారుజామున పెడితే పల్లె పిల్లలకు బస్సుండదు. అందుకే బస్సు దిగినాక మొదటి పీరియడే ఆటదిగావాల. తాగేకి నీళ్లు, ఆడపిల్లలు బట్టలు మార్చుకునేకి గది లేకుంటే అదీ కాగితం మీదే నిలుస్తాది.

దీనికి స్టేడియం అక్కర్లేదు. టైంటేబుల్ రాసేటప్పుడు ప్రిన్సిపాల్ ఆ ఒక్క పీరియడ్ ఇడిస్తే చాలు.