బొగ్గు పన్నులో సమత్వము
రామగుండము, గోదావరిఖని గనులనుండి వెలువడు, బూడిద శాతము హెచ్చైన సింగరేణి బొగ్గుపైనను, ఇండోనేషియానుండి ఓడలలో వచ్చు బొగ్గుపైనను, 2017 మొదలుకొని టన్నుకు 400 రూపాయల జీఎస్టీ పరిహార సెస్సునే సమముగా విధించిన ప్రభుత్వము, సదృశమైన స్వదేశీ వస్తువుపై గల పన్నును మించి దిగుమతి వస్తువుపై విధింపరాదను గాట్ అను అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడికలోని 3వ అధికరణమును అక్షరశః పాటించెననుట నిస్సందేహము. కాని టన్నుకు ఇంతయని కట్టిన పన్ను, ధర తక్కువగు నాసి స్వదేశీ బొగ్గుకే అధికభారమగుట స్పష్టము. ఆ అధికరణము పరదేశీ వస్తువును వివక్షనుండి కాపాడునే కాని, స్వదేశీ వస్తువును అణచుమని ఎన్నడును శాసింపదు. 2025 సెప్టెంబరు 22న సెస్సు తొలగి, విలువననుసరించి 18 శాతము జీఎస్టీ ఉభయములకును ఒక్కరీతిగ వర్తించుటచే, నియమభంగము లేకయే ఆ లోపము తీరినది. కనుక సమత్వమును రూపాయల మొత్తములో గాక, వస్తువు మోయు భారములో కొలుచుటయే న్యాయమైన వ్యాఖ్యానమని నా నిశ్చితాభిప్రాయము.