ఆల్బర్ట్ ఎక్కా పక్కన విల్లు ఎందుకు?



డిసెంబర్ 3న మన గ్రూపులో ఒక పోస్టర్ తిరిగింది. లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఫొటో, వెనక అడవి, పక్కన విల్లు బాణాలు. కింద "అడవి బిడ్డ రక్తంలోనే ధైర్యం" అని పెద్ద అక్షరాలు. మేము కూడా లైక్ కొట్టినం, స్టేటస్ పెట్టుకున్నం. ఆ రాత్రి హాస్టల్ రూములో కూర్చొని ఆయన గురించి చదివినంక మాకే సిగ్గేసింది. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగు ఉంటది, ఓపిక పట్టండి.

ఆయన ఉరావ్ ఆదివాసీ. 1942లో పుట్టిండు, ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా, జారీ ఊరు. 1962లో సైన్యంలో చేరిండు. ముందు బీహార్ రెజిమెంట్, తర్వాత 14 గార్డ్స్. అంటే 1971 యుద్ధం నాటికి తొమ్మిదేండ్ల సర్వీసు. ఈ తొమ్మిదేండ్లు ఆ పోస్టర్‌లో ఎక్కడున్నయ్?

గంగాసాగర్ అగర్తలా సరిహద్దుకు అవతల, అఖౌరా దగ్గర. ఇప్పుడు బంగ్లాదేశ్. అక్కడ శత్రువు లైట్ మెషిన్ గన్ మనవాళ్లను కూలుస్తుంటే ఎక్కా ఆ బంకర్ మీదికి ఉరికి, ఇద్దరిని బాయినెట్‌తో పొడిచి దాని నోరు మూయించిండు. అప్పటికే ఒళ్లంతా గాయాలు. అక్కడే పడుకుంటే ఆయన్ని తప్పు పట్టేవాడు ఎవడూ లేడు. పడుకోలేదు. తోటివాళ్లతో కలిసి ఒక్కొక్క బంకర్ దాటుకుంటూ ముందుకు పోయిండు. చివరికి ఒక గట్టి భవనం పై అంతస్తు నుంచి ఇంకో మెషిన్ గన్ మొదలైంది. పాకుతూ పోయి గ్రెనేడ్ విసిరిండు. ఒకడు చచ్చిండు, గన్ మాత్రం ఆగలేదు. పక్క గోడ ఎక్కి లోపలికి దూకి ఆ రెండోవాణ్ని బాయినెట్‌తో పొడిచిండు. అప్పుడు ఆగింది. ఆ గాయాలతోనే ప్రాణం పోయింది. తూర్పు యుద్ధరంగంలో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కడికే.

ఇప్పుడు చెప్పండి, ఇది రక్తం చేసిన పనా? గ్రెనేడ్ వేసినా గన్ ఆగలేదు, ఇంక గోడ ఎక్కాలె అనుకున్నది ఒక మనిషి. నేర్చుకున్న మనిషి.

అదే యుద్ధంలో పరమవీర చక్ర పొందిన అరుణ్ ఖేతర్‌పాల్ గురించి చదివితే ఎన్‌డీఏ చదువు గురించి రాస్తరు, ట్యాంకు వదలనని ఎట్లా తేల్చి చెప్పిండో రాస్తరు. రాయాల్సిందే, గొప్ప వీరుడు. కానీ మనోడి దగ్గరికి వచ్చేసరికి నిర్ణయం మాయమై రక్తం వస్తది. ఏంది ఈ లెక్క?

ఈ లెక్క మనకు కొత్త కాదు. మా ఇండ్లల్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. పరుగు పందెంలో గెలిస్తే "మీకు గుట్టలెక్కే అలవాటే కదా" అంటరు. మార్కులొస్తే "మీకు రిజర్వేషన్ ఉంది కదా" అంటరు. పొద్దున నాలుగింటికి లేచి గ్రౌండుకు పోయింది, ఫ్యూజు పోయిన రాత్రుల్లో సెల్ లైటు కింద చదివింది ఎవరికీ కనబడదు. వేరేవాళ్లు అంటే కొట్లాడుతున్నం. అదే మాటను మనమే పోస్టర్ చేసి పంచుకుంటున్నం!

ఒక సీనియర్ అన్న అడిగిండు: "విల్లు మన గుర్తు, దాచుకోవాల్నా?" దాచమంటలేం అన్నా. ఎక్కా చిన్నప్పుడు వేటకు పోయిండు, నిజమే. నేలను చదవడం అక్కడే మొదలైందేమో. కానీ వేట కూడా పుట్టుకతో రాదు. మన తాతలను అడగండి, ఎన్ని బాణాలు గురి తప్పినయో చెప్తరు.

ఇంకోటి. ఆయన పేరిట 2000లో తపాలా బిళ్ల వచ్చింది, రాంచీ నడిబొడ్డున చౌక్ ఉంది. కానీ ఆయన్ని పూడ్చిన చోటు అగర్తలా పక్కన. అక్కడి మట్టి సొంతూరు చేరేసరికి 2016 వచ్చింది. 44 ఏండ్లు. పోస్టర్‌లో జాగా ఉంటే ఈ ముక్క రాయాల్సింది.

పోస్టర్ చేసిన తమ్ముడూ, కోపం పెట్టుకోకు. నీ చేతిలో పనితనం ఉంది. ఇంకోటి చెయ్యి: యూనిఫాం, 14 గార్డ్స్ పేరు, 1962 నుంచి 1971, ఆ గోడ. ప్రింటు పైసలు మా రూమోళ్లం వేసుకుంటం. మెస్ గోడకు అంటిస్తం, అన్నం లైన్‌లో నిలబడ్డోళ్లందరూ చదవాలె.