చిన్న తూటాతో పెద్ద వేట: గాయం ఊరి మీదికే వస్తుంది

హుస్సేనీ ఆలం (హైదరాబాద్): పాతబస్తీలో హుస్సేనీ ఆలం నుంచి చార్మినార్ వైపు నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం కనిపిస్తుంది. ఈ స్తంభాన్ని 1892లో కట్టారు. చౌక్‌కు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టారు. ఆయన పేరుమోసిన పులుల వేటగాడు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ దంపతులు నిజాం రాజ్యానికి అతిథులుగా వచ్చి, వరంగల్ జిల్లా నెక్కొండ ప్రాంతంలో పులిని వేటాడి, కళేబరం పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఆ కాలపు షికారు అంటే భారీ తుపాకులు, ఏనుగులు, డప్పులు కొట్టి జంతువును తోలే పల్లె జనం. అంతా ఆర్భాటమే.

ఆ రోజులు పోయాయి. 1970లో పులుల వేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతి పూర్తిగా రద్దయింది. అయినా వేట ఆగలేదు. పగటి ఆర్భాటం పోయి, రాత్రి చాటు వ్యవహారంగా మారింది. చేతిలో ఆయుధం కూడా మారింది. పాయింట్ 22 రైఫిలు, నాటు తుపాకి, చివరకు పిట్టలను కొట్టే గాలి తుపాకి సైతం అడవికి పోతున్నాయి. "చప్పుడు తక్కువ, తూటా చవక, పని మాత్రం అదే" అని చెప్పేవారున్నారు. ఈ మాటలో నిజమెంత? నిజం కాకపోతే నష్టపోయేది ఎవరు? అడవి అంచున బతికే పల్లెలు ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

తూటా లెక్క

తుపాకి గొట్టం లోపలి వెడల్పును క్యాలిబర్ అంటారు. పాయింట్ 22 అంటే అంగుళాన్ని నూరు భాగాలు చేస్తే అందులో 22 భాగాలు. అంటే సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. ఈ రైఫిలును బొమ్మకు గురిపెట్టి కొట్టే పోటీల్లోను, కుందేలు వంటి చిన్న జంతువుల మీదను వాడతారు. దాని గుండు బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. గొట్టం నుంచి బయటపడేటప్పుడు దాని దెబ్బ శక్తి సుమారు 140 జౌళ్లు.

లైసెన్సు అక్కర లేకుండా దొరికే గాలి తుపాకి శక్తి 20 జౌళ్లకు మించకూడదని 2016 ఆయుధ నిబంధనలు చెబుతున్నాయి. ఇక పెద్ద జంతువుల వేటకు వాడిన రైఫిళ్ల సంగతి చూద్దాం. ఏడు మిల్లీమీటర్ల పాయింట్ 275 రైఫిలు శక్తి దాదాపు 3,000 జౌళ్లు. సికింద్రాబాద్ బొల్లారంలో 1910లో పుట్టిన ప్రసిద్ధ వేటగాడు కెన్నెత్ అండర్సన్ చేతిలో ఉన్నది పాయింట్ 405 వించెస్టర్. చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషులను తిన్న పులిని గురించి రాసింది ఈయనే. ఆ రైఫిలు గుండు 19 గ్రాములకు పైగా తూగుతుంది. దాని శక్తి 4,000 జౌళ్లు దాటుతుంది.

అంటే పాయింట్ 22 దెబ్బకు, అండర్సన్ రైఫిలు దెబ్బకు తేడా ముప్పయి రెట్లు. అడవి పంది భుజం మీద మందమైన తోలు, కొవ్వు, కండ ఉంటాయి. ఎలుగుబంటికి దట్టమైన బొచ్చు, గట్టి ఎముక ఉంటాయి. అడవి దున్న సంగతి చెప్పనే అక్కర్లేదు. తేలికపాటి సీసపు గుండు వీటి కండలోనో ఎముక మీదనో ఆగిపోతుంది. జంతువు పడిపోదు, పరుగెత్తుతుంది. వేటగాడు చీకట్లో నెత్తురు చుక్కలు వెతికి, దొరక్కపోతే ఇంటికి పోతాడు. జంతువు మాత్రం గాయంతో అక్కడే ఉంటుంది.

ఏనుగును కొట్టిన చిన్న తూటా

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. చిన్న తూటాతో పెద్ద జంతువులను చంపినవారు చరిత్రలో ఉన్నారు కదా అని అడుగుతారు. ఉన్నారు. స్కాట్లండ్‌కు చెందిన బెల్ అనే వేటగాడు ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను కొట్టాడు. వాటిలో ఎక్కువ భాగం ఏడు మిల్లీమీటర్ల రైఫిలుతోనే. 1953లో కెనడాలోని ఆల్బర్టాలో బెల్లా ట్విన్ అనే క్రీ తెగ మహిళ పాయింట్ 22 తుపాకితో భారీ గ్రిజ్లీ ఎలుగును చంపింది. ఆ ఎలుగు ఆనాటికి ప్రపంచ రికార్డు.

అయితే ఈ కథల్లో రెండో సగాన్ని జనం చెప్పుకోరు. బెల్ చచ్చిన ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడ ఉందో ఏ వైపు నుంచి ఎలా కొట్టాలో చదువుకున్న మనిషి. ఆయన వాడినది చిన్న గుండే అయినా దాని శక్తి పాయింట్ 22 కన్నా ఇరవై రెట్లు. బెల్లా ట్విన్ ఎలుగు వేటకు బయలుదేరలేదు. దారిలో ఎదురుపడిన ఎలుగు నుంచి తప్పించుకోవడానికి పొదల చాటున దాగింది. అది కొద్ది గజాల దూరానికి వచ్చేసరికి తల మీద కొట్టింది. పడిన తర్వాత కూడా మళ్లీ మళ్లీ కొట్టి గాని ఊపిరి పీల్చుకోలేదు. గత్యంతరం లేని చోట అదృష్టం కలిసి వచ్చిన సంఘటన అది. దానిని పద్ధతిగా చేసుకోవడం అవివేకం. గురి తప్పి పారిపోయిన జంతువుల లెక్క ఎవరూ రాసిపెట్టరు. నెగ్గిన ఒక్క దెబ్బే కథగా మిగులుతుంది.

చంపావత్ పులి పాఠం

గాయపడిన జంతువు ఏమవుతుందో తెలియాలంటే కుమావూ కొండల్లోని చంపావత్ పులి చరిత్ర చూడాలి. నేపాల్‌లోను, కుమావూలోను కలిపి 436 మందిని ఆ ఆడపులి పొట్టన పెట్టుకుందని లెక్క. 1907లో జిమ్ కార్బెట్ దానిని చంపి, నోరు తెరిచి చూశాడు. కుడి వైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పైది సగానికి, కిందిది చిగురు ఎముక దాకా పోయింది. ఎప్పుడో తగిలిన తుపాకి దెబ్బే దానికి కారణమని, ఆ దెబ్బతోనే అది సహజమైన వేట చేయలేక మనుషుల మీదికి మళ్లిందని కార్బెట్ రాశాడు.

ఆ తుపాకి పేల్చిన మనిషి ఎవరో లోకానికి తెలియదు. పులిని కొట్టానని ఆనాడు అతను ఊళ్లో గొప్పగా చెప్పుకొని ఉండవచ్చు. కాని అతని ఒక్క తప్పు దెబ్బకు మూల్యం చెల్లించింది గడ్డి కోయడానికి, కట్టెలు ఏరడానికి అడవికి పోయిన పల్లె జనం. అండర్సన్ కూడా నాటు తుపాకుల దెబ్బలు తిని కుంటివైపోయిన చిరుతలను, పులులను గురించి పలుచోట్ల రాశాడు. ఆ రోజుల్లో గాయపడిన జంతువును వెతికి చంపకుండా వదిలిపెట్టడం వేటగాళ్లలో సిగ్గుమాలిన పని. చాటుగా వేటాడేవాడికి ఆ సిగ్గు లేదు. ఉండటానికి వీలు కూడా లేదు. ఎందుకంటే తెల్లవారితే అతను దొరికిపోతాడు.

మన సరిహద్దులో

ఇవి ఎక్కడివో పాత కథలు అనుకోరాదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 2020 నవంబరు ఒక్క నెలలోనే ఇద్దరు పులి దాడిలో చనిపోయారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ ప్రాంతంలో పత్తి చేనులో పని చేసుకుంటున్న ఒక మహిళ బలయింది. మరోవైపు 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయాయి. పశువు కళేబరానికి విషం పెట్టడమే కారణమని అనుమానించారు. 2025 మే నెలలో పెంచికల్‌పేట ప్రాంతంలో కరెంటు తీగకు ఒక ఆడపులి చచ్చింది. మనిషికీ మృగానికీ మధ్య ఇంత ఉద్రిక్తత ఉన్న చోట, చాలీచాలని తుపాకితో ఒక జంతువును గాయపరిచి వదలడం నిప్పుతో చెలగాటమే.

ఆదిలాబాద్‌కు ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లా ఉదంతం మరొకటి. అక్కడ అవని అని జనం పిలిచిన ఆడపులి 13 మంది మరణాలకు కారణమని చెప్పారు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కాల్చివేత ఉత్తర్వులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. హైదరాబాద్‌కు చెందిన షూటర్ షఫత్ అలీ ఖాన్‌ను అటవీ శాఖ పిలిపించింది. నవంబరు 2 రాత్రి ఆయన కుమారుడు పులిని కాల్చాడు. మత్తు సూది ప్రయత్నం సక్రమంగా జరిగిందా, నిబంధనలు పాటించారా అని దేశమంతా వివాదం చెలరేగింది. ప్రభుత్వ ఉత్తర్వు, అనుభవం ఉన్న షూటర్, తగిన ఆయుధం, వెంట సిబ్బంది ఉన్న చోటనే ఇన్ని ప్రశ్నలు వచ్చాయి. అలాంటప్పుడు టార్చిలైటు వెలుతురులో పాయింట్ 22 పట్టుకొని పోయేవాడు ఏం సాధిస్తాడు?

చట్టం ఏమంటుంది

తుపాకి పరిమాణం ముఖ్యమని చట్టం ఆనాడే గుర్తించింది. 1972 చట్టం మొదటి రూపంలో, లైసెన్సు ఉన్న వేటగాడు సైతం పెద్ద జంతువులను రైఫిలుతోనే కొట్టాలని నిబంధన ఉండేది. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప షాట్‌గన్ పనికిరాదు. అదీ ఒంటి గుండుతోనే. రవ్వలు చల్లి గాయపరచడాన్ని చట్టం ఒప్పుకోలేదు. నేడు మనుషులకు ప్రమాదంగా మారిన పులి విషయంలో జాతీయ పులుల సంరక్షణ సంస్థ పద్ధతి కూడా ఇదే. తగిన క్యాలిబర్ ఆయుధం, నైపుణ్యం ఉన్న మనిషి ఉండాలి. చంపినందుకు బహుమతి ఉండరాదు.

పులి, చిరుత, ఎలుగుబంటి, అడవి దున్న మొదటి షెడ్యూలులోని జంతువులు. వీటిని వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు పడుతుంది. వీటిలో ఏదైనా మనిషి ప్రాణానికి ప్రమాదంగా మారిందని తేలితే, పట్టుకోవడం గాని మత్తు ఇవ్వడం గాని సాధ్యం కాదని నిర్ధారించుకున్న తర్వాతనే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి రాతపూర్వకంగా చంపడానికి అనుమతించాలి. పంటలు నాశనం చేసే అడవి పంది వంటి రెండో షెడ్యూలు జంతువుల విషయంలో కూడా అధికారి అనుమతి ఉంటేనే చంపవచ్చు. మీద పడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి నిజాయితీగా చంపితే నేరం కాదని పదకొండో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

పెద్దవాళ్లకు చట్టం వర్తించదనే మాట కూడా పూర్తిగా సరికాదు. 1998లో రాజస్థాన్‌లో కృష్ణ జింకల వేట కేసులో సినీనటుడు సల్మాన్ ఖాన్ ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. పాయింట్ 22 రైఫిలుకు సంబంధించిన ఆయుధాల కేసు 2017లో కొట్టివేసినా, వేట కేసులో 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. దాని మీద ఆయన అప్పీలుకు వెళ్లాడు. నగరం వేటగాడు వకీళ్లను పెట్టుకోగలడు. అతనికి దారి చూపించిన పల్లె యువకుడి సంగతి ఏమిటి? కేసు అయిన రోజున అతని పక్కన నిలిచేవారు ఎవరు?

పొలంలో మనిషికీ ముప్పే

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. పాయింట్ 22 గుండు పెద్ద జంతువును పడగొట్టలేకపోయినా, గురి తప్పితే కిలోమీటరుకు పైగా పోగలదు. బండకో గట్టి నేలకో తగిలి పక్కకు చిమ్మే గుణం దానికి ఉంది. రాత్రి మంచె మీద కావలి ఉన్న రైతు, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి మోటారు దగ్గరికి పోయిన కూలీ ఆ గుండు దారిలో ఉండవచ్చు. నాటు తుపాకి సంగతి మరీ ఘోరం. అది ముందుకు పేలుతుందో చేతిలో పేలుతుందో చెప్పలేము.

చేయవలసినది

పందులు ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేనును నేలమట్టం చేస్తే రైతుకు కలిగే కోపం న్యాయమైనదే. పశువును పులి ఎత్తుకుపోతే ఆ ఇంటి బాధ చిన్నది కాదు. "చట్టం ఉంది, ఊరుకోండి" అని చెబితే చాలదు. నష్టపరిహారం నెలల తరబడి ఆగితే చట్టం మీద గౌరవం నిలవదు. పంట నష్టం అంచనా వేగంగా జరగాలి. అనుమతి కోసం రైతు పెట్టిన దరఖాస్తుకు అధికారులు గడువులోగా జవాబు చెప్పాలి. అనుమతి ఇచ్చిన చోట శిక్షణ పొందిన షూటరు, తగిన తుపాకి ఊరికి రావాలి. ఇవి జరగనంత కాలం చాటు తుపాకులకు పల్లెల్లో గిరాకీ తగ్గదు.

పల్లెల బాధ్యత కూడా ఉంది. గాయపడిన జంతువు జాడ కనిపిస్తే దాచిపెట్టకుండా వెంటనే అటవీ సిబ్బందికి చెప్పాలి. ఎవరు కొట్టారన్నది తర్వాతి మాట. రేపు ఆ దారిన ఎవరు పోతారన్నది ముందు మాట. పట్నం నుంచి రాత్రిపూట జీపులో వచ్చే షికారీకి దారి చూపించే ముందు ఒక సంగతి తలచుకోవాలి. అతను తెల్లవారేసరికి పట్నం చేరుకుంటాడు. అతని తూటా తిన్న జంతువు మన వాగు దగ్గరే ఉంటుంది.