మరో సీసా తగిలించే ముందు

హౌస్‌సర్జన్ తమ్ముళ్లూ, పీజీ చెల్లెళ్లూ!

ఈ రాత్రి కూడా మీలో ఎవరికో ఫోన్ వస్తుంది. "డాక్టర్, ఆరో బెడ్ బీపీ ఎనభైకి పడిపోయింది" అంటుంది సిస్టర్. "ఒక ఎన్‌ఎస్ ఫాస్ట్‌గా పెట్టండి" అంటారు మీరు. అరగంటకు మళ్లీ ఫోన్, మళ్లీ సీసా. తెల్లారేసరికి మూడు లీటర్లు లోపలికి పోయి ఉంటాయి. రోగి ముఖం ఉబ్బి, ఆయాసం ముదిరి, వెంటిలేటర్ ఎక్కి ఉంటాడు. కేస్‌షీటు తిరగేస్తే తప్పెక్కడా దొరకదు. బీపీ తగ్గింది, ఫ్లూయిడ్ ఇచ్చారు, అంతే. ఆ మూడు లీటర్లలో ఒక్కటైనా గుండెకు ఉపయోగపడిందా అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మీరు అడగాలి.

మన ఊళ్లలో సెలైన్ మీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. నీరసమైతే సెలైన్, జ్వరమొస్తే సెలైన్. అరలీటరు సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి కాబట్టి చాలామందికి ఏమీ కాదు. సెప్సిస్‌తో ఐసీయూలో పడుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. వాడి రక్తనాళాల గోడలు కారుతుంటాయి, మూత్రం తగ్గిపోయి ఉంటుంది. బయట చూసి వచ్చిన అలవాటునే మనం తెల్లకోటు వేసుకుని ఐసీయూలోకి తెచ్చుకున్నామేమో అని నాకు అనుమానం.

ఫస్టియర్ ఫిజియాలజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన ఫ్రాంక్-స్టార్లింగ్ సూత్రం గుర్తుందా? జర్మనీలో ఒట్టో ఫ్రాంక్, లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ వందేళ్ల కిందటే తేల్చిపెట్టారు: ముడుచుకునే ముందు గుండె కండరం ఎంత సాగితే అంత బలంగా ముడుచుకుంటుంది. ఆ సాగుడే ప్రీలోడ్. అయితే దానికో హద్దుంది. గ్రాఫు మొదట నిటారుగా ఎక్కి, తర్వాత చదునవుతుంది. మీ రోగి గుండె ఏటవాలు మీద ఉంటే ఫ్లూయిడ్ పని చేస్తుంది. చదును మీద ఉంటే నిండిన మడిలోకి ఇంకా నీళ్లు వదిలినట్టే, గట్టు తెగి పక్క చేలో పడతాయి. ఇక్కడ ఆ పక్క చేను ఊపిరితిత్తులు. ఐసీయూలో ఫ్లూయిడ్ ఇచ్చినప్పుడు గుండె పంపింగ్ నిజంగా పెరిగేది దాదాపు సగం మందిలోనేనని అధ్యయనాలు పదేపదే చూపించాయి.

మరి ఎవరు ఏ సగమో సీవీపీ చెబుతుందనుకున్నాం. 2001లో డెట్రాయిట్ నుంచి రివర్స్ బృందం ప్రచురించిన అధ్యయనం తర్వాత, సీవీపీ 8 నుంచి 12 మధ్యకు తేవడమే గురి అయింది. 2008లో పాల్ మారిక్ బృందం 24 అధ్యయనాలను, 803 మంది రోగులను కలిపి లెక్కగట్టింది. ఎవరికి ఫ్లూయిడ్ పని చేస్తుందో చెప్పడంలో సీవీపీకీ, బొమ్మాబొరుసూ వేయడానికీ పెద్ద తేడా లేదని తేలింది. అయినా ఈనాటికీ రౌండ్స్‌లో "సీవీపీ నాలుగే ఉంది, ఇంకొకటి పెట్టు" అనే మాట వినపడుతూనే ఉంది.

ఎక్కువిస్తే పోయేదేముంది అనుకునేవారు 2011 నాటి ఫీస్ట్ అధ్యయనం తప్పకుండా చదవాలి. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని ఆసుపత్రికి చేరిన 3,141 మంది పిల్లల మీద జరిగింది. వేగంగా బోలస్ ఇచ్చిన పిల్లల్లో 48 గంటల్లో చనిపోయినవారు నూటికి పది మందికి పైనే. బోలస్ ఇవ్వనివారిలో ఏడుగురు. మంచి చేస్తుందని అందరూ నమ్మిన పని పిల్లల ప్రాణం తీసింది. 2017లో జాంబియా నుంచి, పెద్దవాళ్ల సెప్సిస్ మీద వచ్చిన అధ్యయనం కూడా ఇలాంటి కబురే చెప్పింది. వెంటిలేటర్లు కొరతగా ఉన్న ఆసుపత్రులవి. మన జిల్లా ఆసుపత్రులు అమెరికా ఐసీయూల కన్నా వాటికే దగ్గర.

ఇది విని సెలైన్ అంటేనే భయపడిపోకండి. ఫీస్ట్‌లో వాంతులూ విరేచనాలతో వచ్చిన పిల్లలను చేర్చుకోలేదు. ఒంట్లో నీరంతా విరేచనాల్లో పోయినవాడికి వేగంగా ఫ్లూయిడ్, రక్తం కారిపోతున్నవాడికి రక్తం, వెంటనే పడాలి. అక్కడ పరీక్షలంటూ కూర్చుంటే మనిషి దక్కడు. 1832లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో థామస్ లాటా అనే డాక్టరు, కలరాతో నాడి అందకుండా పోయిన ఒక ముసలమ్మ నరంలోకి ఉప్పునీరు ఎక్కించాడు. అరగంటలో ఆరు పింట్లు, అంటే మూడు లీటర్ల పైమాట. ఆమె కళ్లు తెరిచింది, మాట్లాడింది. ఆమెను ఆసుపత్రి డాక్టరుకు అప్పగించి లాటా వెళ్లాడు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. ఆయనకు కబురందలేదు, ఇంకెవరూ మళ్లీ ఎక్కించలేదు. ఐదున్నర గంటల్లో ఆమె చనిపోయింది. ఎక్కించడం ఒక్కటే వైద్యం కాదు, ఎక్కించాక మంచం పక్కన నిలబడి చూడటమూ వైద్యమే.

ఆ చూడటం ఎలాగో చెబుతాను. కాళ్లెత్తి చూసే పరీక్ష, పాసివ్ లెగ్ రైజింగ్. రోగిని తల వైపు నలభై ఐదు డిగ్రీలు లేపి సగం కూర్చున్నట్టు పడుకోబెట్టండి. ఎకో ప్రోబ్ పెట్టి, ఒక్కో కొట్టుకు గుండె నుంచి బృహద్ధమనిలోకి వెళ్లే రక్తాన్ని వీటీఐగా కొలిచి రాసుకోండి. ఇప్పుడు తల దించి, కాళ్లు నలభై ఐదు డిగ్రీలు పైకి లేపండి. మీరు చేతులతో కాళ్లు లాగి లేపితే నొప్పికీ కంగారుకీ గుండె వేగం పెరిగి లెక్క తప్పుతుంది. మంచమే కదలాలి. హ్యాండిల్ తుప్పు పట్టి తిరగని మంచాలు మనకు కొత్త కాదు, ముందు దానికి నూనె వేయించండి. కాళ్లలోంచి, పొట్టలోంచి దాదాపు 300 మిల్లీలీటర్ల సొంత రక్తం గుండెకు చేరుతుంది. నిమిషం లోపలే చూడాలి. వీటీఐ పది శాతానికి పైగా పెరిగితే గుండె ఏటవాలు మీద ఉన్నట్టు. పెరగకపోతే సీసా పక్కన పెట్టి నోరాడ్ గురించి ఆలోచించండి. కాళ్లు దించేస్తే ఆ రక్తం వెనక్కి పోతుంది. ఇచ్చేసిన సెలైన్‌ను అలా వెనక్కి తీసుకోలేం. పొట్ట బిగుసుకున్నవాళ్లలో ఈ పరీక్షను నమ్మకండి, తలకు దెబ్బ తగిలినవాళ్లకు చేయకండి.

వెంటిలేటర్ మీద, సొంతంగా ఊపిరి తీయకుండా, గుండె లయ సరిగా ఉన్న రోగికి పల్స్ ప్రెషర్ వేరియేషన్ చూడవచ్చు. హద్దు సుమారు 13 శాతం. టైడల్ వాల్యూమ్ కిలోకు ఆరు మిల్లీలీటర్లే ఇస్తున్నా, లయ తప్పినా ఆ అంకె మోసం చేస్తుంది.

ఇక్కడే చాలామంది కాలు జారతారు. ఇది చదువుతున్న మీరు ఇప్పుడే పడుకుని కాళ్లు ఎత్తితే మీ గుండె పంపింగూ పెరగవచ్చు. అంతమాత్రాన మీకు సెలైన్ కావాలా? గుండె తీసుకోగలదా అన్నది ఒక ప్రశ్న, ఒంటికి అవసరమా అన్నది మరో ప్రశ్న. రెండోదానికి జవాబు రోగి వేలి కొసన ఉంది. వేలి చివర గాజు స్లైడుతో పది సెకన్లు, రంగు పాలిపోయేదాకా నొక్కి వదలండి. రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటితే కణాలకు రక్తం సరిగా అందడం లేదని అర్థం. 2019లో లాటిన్ అమెరికాలోని ఐదు దేశాల్లో జరిగిన ఆండ్రోమెడా-షాక్ అధ్యయనంలో, లాక్టేట్‌ను పట్టుకుని వైద్యం చేసినదానికి ఈ వేలి పరీక్ష ఏమీ తీసిపోలేదు. పైసా ఖర్చు లేదు.

వానాకాలం వస్తే మన వార్డులన్నీ డెంగీతో నిండుతాయి. ప్లాస్మా కారేది ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటలే. ఆ తర్వాత కారిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. జ్వరం తగ్గిన పిల్లవాడు మూడో రోజు ఆయాసపడుతుంటే, స్టాండుకు వేలాడుతున్న సీసా వైపు మొదట చూడండి. ఆపాల్సిన వేళ ఆపకపోవడం వల్ల వచ్చే ప్రమాదం అది.

"సీసా ఎందుకు తీసేశారు?" అని అటెండెంట్లు నిలదీస్తారు. ఓపికగా చెప్పండి. "నిన్నటిదాకా ఇలాగే చేశాం కదయ్యా" అని పెద్ద డాక్టర్లు విసుక్కుంటారు. గౌరవంగా అంకెలు చూపించండి. వీటీఐ ఎంతుందో రాసిన కాగితం చేతిలో ఉంటే సీనియర్ కూడా ఆగి చూస్తాడు. వాదించి గెలవనక్కర్లేదు.

ఈ వారమే మొదలుపెట్టండి. ఎకో మెషిన్ కార్డియాలజీ వాళ్లదని దూరంగా నిలబడకండి, ప్రోబ్ చేతికి తీసుకోండి, రోజుకు ఒక్క రోగికైనా వీటీఐ కొలవండి. ప్రతి బోలస్‌కు ముందు కేస్‌షీటులో మూడు ముక్కలు రాయండి: ఎందుకిస్తున్నాం, ఎంత, ఎప్పుడు మళ్లీ చూస్తాం. అనుకున్న వేళకు ఫోన్‌లో అడగకుండా, లేచి మంచం దగ్గరికి వెళ్లండి.